సున్నపు బట్టీలో తూకం తగ్గింది – దొంగ ఎవరు?

ఒక సున్నపు బట్టీ ఉందనుకోండి. యజమాని 1,000 కిలోల సున్నపురాయిని తూచి మేస్త్రికి అప్పగించాడు. మేస్త్రి రాయిని బట్టీలో పేర్చి బాగా కాల్చాడు. చల్లారిన తరువాత బొగ్గునూ బూడిదనూ వేరుచేసి, సున్నాన్ని తూకానికి పెట్టాడు. కాటా 600 కిలోలు చూపించింది.

యజమానికి కోపం వచ్చింది. "నేనిచ్చింది వెయ్యి కిలోలు. వచ్చింది ఆరువందలు. తక్కిన నాలుగువందలూ ఏ బండి ఎక్కి పోయాయి?" అన్నాడు.

"నిప్పు తినేసిందయ్యా!" అన్నాడు మేస్త్రి.

"నిప్పు రాళ్లు కూడా తింటుందా? నీ కూలిలో పట్టుకుంటాను" అన్నాడు యజమాని.

విద్యార్థులారా! ఈ తగవు మీ ముందుకు వచ్చింది. తీర్పు చెప్పవలసింది మీరు. ఒక మనిషి కూలి డబ్బులు, అంతకంటె ముఖ్యంగా అతని పరువు, మీరు చేసే లెక్కమీద ఆధారపడి ఉన్నాయి. కనుక తొందరపడకండి.

తీర్పుకు కావలసిన చట్టం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. దాని పేరు ద్రవ్యనిత్యత్వ నియమం. రసాయన చర్యలో పదార్థం కొత్తగా పుట్టదు, నశించదు. 'నిప్పు తినేసింది' అన్న మేస్త్రి మాటను ఈ చట్టం ఒప్పుకోదు. అలాగని 'కనిపించడంలేదు కాబట్టి దొంగతనం జరిగింది' అన్న యజమాని మాటనూ ఒప్పుకోదు. కనిపించని 400 కిలోలకు లెక్క చెప్పమంటుంది, అంతే.

రాయిలో ఏముంది?

సున్నపురాయి, పాలరాయి, గవ్వలు, నత్తగుల్లలు, కోడిగుడ్డు పెంకు – చూడడానికి ఒకదానికొకటి పోలికలేని వస్తువులు. కాని వీటన్నిటిలో ఉండే ముఖ్యపదార్థం ఒక్కటే – కాల్షియం కార్బొనేట్. పల్నాడులోని పిడుగురాళ్ల బట్టీలలో కాలేదీ, అరకు దారిలోని బొర్రా గుహల్లో స్తంభాలుగా వేలాడేదీ ఇదే.

కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం పరమాణువు ఒకటి, కార్బన్ పరమాణువు ఒకటి, ఆక్సిజన్ పరమాణువులు మూడు ఉంటాయి. వాటి పరమాణుభారాలు వరుసగా 40, 12, 16. ఇప్పుడు కూడండి:

40 + 12 + (3 × 16) = 100

లెక్కలు చేసేవారికి ప్రకృతి ఇచ్చిన వరం ఈ 100. ఇంత సులభమైన సంఖ్య రసాయనశాస్త్రంలో తరచుగా దొరకదు.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తే అది రెండుగా విడిపోతుంది. ఒకటి కాల్షియం ఆక్సైడ్; దీన్నే మనం పొడి సున్నం అంటాం. రెండవది కార్బన్ డై ఆక్సైడ్ వాయువు.

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డై ఆక్సైడ్
100 → 56 + 44

కాల్షియం ఆక్సైడ్ 40 + 16 = 56. కార్బన్ డై ఆక్సైడ్ 12 + 32 = 44. రెండూ కలిపితే మళ్లీ 100. సమీకరణం అంటే జమాఖర్చుల పుస్తకం లాంటిది. ఎడమవైపు జమ ఎంతో, కుడివైపు ఖర్చు అంతే ఉండాలి. గ్రాములలో తూచినా, కిలోలలో తూచినా, టన్నులలో తూచినా ఈ నిష్పత్తి మారదు. 100 కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. 44 కిలోల వాయువు ఎవరికీ కనబడకుండా గాలిలో కలిసిపోతుంది.

ఈ తగవును ముందే తీర్చినవాడు

ఈ సంగతి ఒకప్పుడు పండితులకు కూడా తెలియదు. కాల్చిన సున్నానికి చర్మాన్ని తినేసే ఘాటు ఎందుకు వస్తుంది? నిప్పులోని ఏదో అంశం రాయిలోకి దూరడంవల్ల అని చాలామంది నమ్మేవారు. ఏదో లోపలికి దూరితే బరువు పెరగాలి కదా! కాని తగ్గుతోంది.

స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ ఈ చిక్కును తక్కెడ సాయంతో విప్పాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం కోసం 1754లో సమర్పించిన వ్యాసంలో ఈ పరిశోధన మొదలయింది. 1756లో దాని పూర్తి వివరాలు అచ్చయాయి. ఆయన 120 గ్రెయిన్ల సుద్దను తీసుకొని పూర్తిగా కాల్చాడు. (గ్రెయిన్ అనేది ఆ కాలపు చిన్న తూనిక, మన 65 మిల్లీగ్రాములకు దాదాపు సమానం.) మిగిలిన సున్నం 68 గ్రెయిన్లు తూగింది.

ఆయన అంతటితో ఆగలేదు. ఆ సున్నాన్ని మెత్తగా నూరి, కార్బొనేట్ ఉన్న క్షారలవణ ద్రావణంలో వేశాడు. తరువాత కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచాడు. ఈసారి 118 గ్రెయిన్లు! పోయిన బరువు దాదాపు అంతా తిరిగి వచ్చింది. ఘాటు పోయి అది మళ్లీ సుద్ద అయింది. అంటే కాల్చినప్పుడు రాయిలోకి ఏదీ దూరలేదు. రాయిలోనుంచే ఒక వాయువు బయటకు పోయింది. రాతిలో కదలకుండా కట్టుబడి ఉన్నది కనుక దానికి ఆయన 'స్థిరవాయువు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే నేటి కార్బన్ డై ఆక్సైడ్.

బ్లాక్ కాలానికి పరమాణుభారాలు తెలియవు. మనకు తెలుసు కాబట్టి ఆయన తూకాన్ని మనం పరీక్షించవచ్చు. 120 గ్రెయిన్ల శుద్ధమైన సుద్ద నుంచి రావలసిన సున్నం:

120 × 56 ÷ 100 = 67.2 గ్రెయిన్లు

ఆయన తూచినది 68. ఒక్క గ్రెయిన్ తేడా కూడా లేదు! చేతి తక్కెడతో పనిచేసిన ఆ కాలంలో ఎంత శ్రద్ధగా తూచాడో చూడండి.

ఇక మన తగవుకు వద్దాం

1,000 కిలోల రాయి పూర్తిగా శుద్ధమైనదైతే పోవలసిన వాయువు 440 కిలోలు. మిగలవలసిన సున్నం 560 కిలోలు. మన బట్టీలో పోయినది 400 కిలోలే. అంటే పోవడానికి వీలున్నంత కూడా పోలేదు. మరి మేస్త్రిని వెంటనే వదిలేద్దామా?

కొంచెం ఆగండి. రాయి అంతా కాల్షియం కార్బొనేట్ కాకపోవచ్చు. గనిలోంచి వచ్చిన రాయిలో ఇసుక, బంకమన్ను వంటి మలినాలు ఉంటాయి. అవి ఈ వేడికి కార్బన్ డై ఆక్సైడ్ ఇవ్వవు; సున్నంతోపాటు బట్టీలోనే ఉండిపోతాయి. రాయిలో మలినాలు బాగా ఎక్కువ ఉంటే అసలు పోవలసినది ఏ 300 కిలోలో అయి ఉండవచ్చు. అప్పుడు తక్కిన 100 కిలోలకు మేస్త్రి జవాబు చెప్పుకోవాలి. కాబట్టి రాయి శుద్ధత తెలియనిదే తీర్పు లేదు.

అదృష్టవశాత్తూ అదే కుప్పలోని రాయి కొంత మిగిలి ఉంది. దాన్ని మన ప్రయోగశాలకు తీసుకువద్దాం.

సాక్షిగా ఆమ్లం

కాల్షియం కార్బొనేట్‌పై సజల హైడ్రోక్లోరికామ్లం పోస్తే బుసబుసమని పొంగుతుంది. కట్టుబడిన వాయువు ఇక్కడ నిప్పు అవసరం లేకుండానే బయటకు వస్తుంది.

కాల్షియం కార్బొనేట్ + హైడ్రోక్లోరికామ్లం (2 అణువులు) → కాల్షియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్
100 + 73 → 111 + 18 + 44

ఎడమవైపు 173, కుడివైపు కూడా 173. జమాఖర్చులు సరిపోయాయి. ఇసుకా బంకమన్నూ మాత్రం ఈ ఆమ్లంతో పొంగవు. కాబట్టి ఎంత వాయువు వచ్చిందో తెలిస్తే, రాయిలో ఎంత కాల్షియం కార్బొనేట్ ఉందో తెలిసిపోతుంది.

లీటరుకు 73 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్న ఆమ్లాన్ని తీసుకుందాం. అప్పుడు లెక్క నోటితోనే చేయవచ్చు. లీటరు ఆమ్లం 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. అంటే ఒక్కొక్క గ్రాముకు 10 మిల్లీలీటర్లు కావాలి.

రాయిని మెత్తగా పొడిచేసి, ఆరబెట్టి, 5 గ్రాములు తూచండి. 250 మిల్లీలీటర్ల శంకాకార ఫ్లాస్కులో 60 మిల్లీలీటర్ల ఆమ్లం పోయండి. ఫ్లాస్కును, రాతిపొడిని, మూతికి పెట్టే దూదిని కలిపి తూచండి. తరువాత పొడిని కొద్దికొద్దిగా వేయండి. తుంపరలు బయటకు చిందకుండా దూది అడ్డుకుంటుంది. పొంగు పూర్తిగా ఆగిన తరువాత మళ్లీ తూచండి. ఉపాధ్యాయుడు పక్కన ఉన్నప్పుడే, కళ్లకు అద్దాలు పెట్టుకొని ఈ పని చేయాలి.

తూకాలు ఇలా వచ్చాయనుకుందాం:

చర్యకు ముందు: 172.40 గ్రాములు
చర్య తరువాత: 170.40 గ్రాములు
పోయిన వాయువు: 2.00 గ్రాములు

44 గ్రాముల వాయువు రావడానికి 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కావాలి. కనుక 2 గ్రాములు రావడానికి:

2 × 100 ÷ 44 = 4.545 గ్రాములు

5 గ్రాముల రాయిలో 4.545 గ్రాములు అంటే నూటికి 90.9 పాళ్లు. తక్కినవి మలినాలు, వాటిని ఫ్లాస్కు అడుగున మట్టిలా చూడవచ్చు.

నిర్దోషికి శిక్షపడే రెండు దారులు

తీర్పు చెప్పేముందు మరొక సంగతి. పరీక్షలో లెక్క తప్పితే మీకు పోయేది రెండు మార్కులు. ఇక్కడ తప్పితే ఏమవుతుందో చూడండి.

మొదటి తప్పు: ఒక విద్యార్థి తొందరలో 60 మిల్లీలీటర్లకు బదులు 25 మిల్లీలీటర్ల ఆమ్లమే పోశాడనుకోండి. కొంతసేపటికి పొంగు ఆగిపోతుంది. 'రాయి అంతా అయిపోయింది' అనుకుంటాడు. నిజానికి అయిపోయింది రాయి కాదు, ఆమ్లం! 25 మిల్లీలీటర్లకు కరిగేది 2.5 గ్రాములే. వచ్చే వాయువు 1.1 గ్రాము. అతని లెక్క ప్రకారం రాయి శుద్ధత నూటికి 50. అలాంటి రాయి 1,000 కిలోలు కాలిస్తే పోవలసినది 220 కిలోలే. పోయినదేమో 400. 'మేస్త్రి 180 కిలోలు దొంగిలించాడు' అని అతడు తీర్పు రాస్తాడు!

కూడికలో, గుణకారంలో ఎక్కడా తప్పులేదు. అయినా తీర్పు తప్పు. చర్యలో రెండు పదార్థాలు ఉన్నప్పుడు ఏది ముందు అయిపోతుందో అదే చర్యకు హద్దు గీస్తుంది. ఆ హద్దు గీసేది రాయి కావాలంటే ఆమ్లం మిగలాలి. 5 గ్రాములూ శుద్ధమైన రాయే అయినా 50 మిల్లీలీటర్లు చాలు. అందుకే 60 పోయమన్నాను. అనుమానం ఉంటే, చివరి తూకం అయిన తరువాత మరికొన్ని చుక్కల ఆమ్లం వేసి చూడండి. మళ్లీ పొంగితే మొదటి ఆమ్లం చాలలేదన్నమాట; ప్రయోగం మొదటినుంచీ చేయాలి.

రెండవ తప్పు ఇంకా చిన్నది, కనుక మరీ ప్రమాదం. కార్బన్ డై ఆక్సైడ్ గాలికంటె బరువైనది. పొంగు ఆగిన తరువాత కూడా అది ఫ్లాస్కు నిండా నిలిచి ఉంటుంది. దాన్ని అలాగే తూస్తే, గాలితో నిండిన ఫ్లాస్కు కంటె సుమారు 0.15 గ్రాము ఎక్కువ తూగుతుంది. పోయిన వాయువు 2.00 బదులు 1.85 గ్రాములు అనిపిస్తుంది. ఆ లెక్కతో బట్టీలో పోవలసినది 370 కిలోలే అవుతుంది. ఫ్లాస్కులో మీరు ఊడ్చకుండా వదిలేసిన చిటికెడు వాయువు, మేస్త్రి నెత్తిన 30 కిలోల దొంగతనమై కూర్చుంటుంది! ఆమ్లద్రావణంలో కూడా కొంత వాయువు కరిగి ఉంటుంది. అదీ ఇదే వైపుకు మోసం చేస్తుంది. కాబట్టి తూచేముందు ఫ్లాస్కును బాగా కదిపి, రబ్బరు బుడ్డితో లోపలికి గాలి ఊది, ఆ వాయువును వెళ్లగొట్టాలి. తూకం ఇక మారదని తేలేవరకు మళ్లీ మళ్లీ తూచాలి.

తీర్పు

ఇప్పుడు సరైన తూకంతో లెక్క రాయండి.

1,000 కిలోల రాయిలో కాల్షియం కార్బొనేట్: 909 కిలోలు
మలినాలు: 91 కిలోలు
పోవలసిన వాయువు: 909 × 44 ÷ 100 = 400 కిలోలు
రావలసిన సున్నం: 909 × 56 ÷ 100 = 509 కిలోలు
బట్టీలో మిగలవలసినది: 509 + 91 = 600 కిలోలు

కాటా చూపించినది కూడా 600! తూకంలో ఒక్క కిలో కూడా తక్కువలేదు. పైగా రాయి పూర్తిగా కాలింది. మేస్త్రి పనిలోనూ లోపం లేదు. 'నిప్పు తినేసింది' అనడం శాస్త్రరీత్యా తప్పు కావచ్చు. కాని అతని చేతులు శుభ్రమైనవే. అతని కూలి అతనికి ఇవ్వవలసిందే.

పోయిన వాయువు తిరిగి వస్తుందా?

పొడి సున్నంపై నీళ్లు పోస్తే వేడిపుట్టి సలసల మరుగుతుంది. 56 కిలోల పొడి సున్నం 18 కిలోల నీటిని కలుపుకొని 74 కిలోల తడి సున్నం అవుతుంది. (ఈ సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. దాని దగ్గర ఆటలు వద్దు.) తడి సున్నాన్ని గోడకు వెల్లవేస్తే, అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మెల్లగా పీల్చుకొని, నీటిని వదిలి, మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది.

74 + 44 → 100 + 18

చూశారా! బట్టీ పొగగొట్టం నుంచి ఎగిరిపోయిన 44 పాళ్లూ మీ ఇంటి గోడమీదికి తిరిగి వచ్చాయి. బ్లాక్ తన ద్రావణంలో 118 గ్రెయిన్లను తిరిగి రాబట్టినట్లే ఇదీను.

సిమెంటు విషయంలో మాత్రం లెక్క ఇంత చక్కగా ముగియదు. సిమెంటుకు ముడిసరుకు కూడా సున్నపురాయే. దాన్ని బంకమన్నుతో కలిపి కాల్చి క్లింకర్ అనే గట్టి ఉండలు తయారుచేసి, వాటిని నూరుతారు. ఒక టన్ను క్లింకర్‌లో సుమారు 650 కిలోల కాల్షియం ఆక్సైడ్ ఉంటుంది. 56 పాళ్లకు 44 పాళ్ల వాయువు చొప్పున:

650 × 44 ÷ 56 = సుమారు 511 కిలోలు

ఇది రాయిలోనుంచి వచ్చిన వాయువు మాత్రమే. బట్టీలో కాల్చిన బొగ్గు వల్ల వచ్చేది దీనికి అదనం. రేపు బొగ్గు మానేసి ఎండవేడితోనో, విద్యుత్తుతోనో బట్టీ నడిపినా ఈ 511 కిలోలు తగ్గవు. ఎందుకంటే అవి ఇంధనంలోవి కావు, రాయిలోవి. సిమెంటు కట్టడాలు కొంత వాయువును ఏళ్ల తరబడి నెమ్మదిగా తిరిగి పీల్చుకుంటాయి. కాని పోయినదంతా రాదు. భూమి వేడెక్కకుండా కాపాడాలని ప్రయత్నిస్తున్న శాస్త్రజ్ఞులకు సిమెంటు ఇంత కష్టమైన సమస్య ఎందుకయిందో ఈ ఒక్క గుణకారం చెబుతుంది. మేస్త్రిని నిర్దోషిగా నిలబెట్టిన 44 అనే అంకె, ఇక్కడ మనందరినీ లెక్క చెప్పమని అడుగుతోంది.

మీరు చేయండి

1. 250 కిలోల శుద్ధమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే ఎంత సున్నం, ఎంత వాయువు వస్తాయి?

2. ఆరబెట్టి పొడిచేసిన కోడిగుడ్డు పెంకు 2 గ్రాములు తీసుకొని, చాలినంత ఆమ్లంలో వేస్తే 0.83 గ్రాము వాయువు పోయింది. పెంకులో కాల్షియం కార్బొనేట్ నూటికి ఎన్ని పాళ్లు?

3. 10 గ్రాముల శుద్ధమైన పాలరాతి ముక్కలపై, పైన చెప్పిన ఆమ్లమే 40 మిల్లీలీటర్లు పోశాం. ఎంత వాయువు వస్తుంది? ఎంత పాలరాయి మిగులుతుంది?

4. 280 కిలోల పొడి సున్నం పూర్తిగా తడి సున్నం కావడానికి కనీసం ఎంత నీరు కలవాలి? తడి సున్నం ఎంత తూగుతుంది?

ఒక హెచ్చరిక: బడిలో వాడే చాక్‌పీసులు చాలావరకు జిప్సంతో చేసినవి, అది కాల్షియం సల్ఫేటు. వాటితో ఈ ప్రయోగం చేసి, వాయువు రాలేదని సమీకరణాన్ని తప్పుపట్టకండి. సాక్షి ఎవరో తెలుసుకున్న తరువాతే సాక్ష్యం అడగాలి!

జవాబులు: 1) సున్నం 140 కిలోలు, వాయువు 110 కిలోలు. 2) సుమారు 94.3 పాళ్లు. 3) వాయువు 1.76 గ్రాములు, మిగిలే పాలరాయి 6 గ్రాములు. 4) నీరు 90 కిలోలు, తడి సున్నం 370 కిలోలు.